బ్యాండ్‌లో మైనస్, థర్మామీటర్‌లో 101

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. నాలుగు నెలల క్రితం మా ఆయన ఫిట్‌నెస్ బ్యాండ్ కొనిచ్చారు. నడక లెక్క కోసమే పెట్టుకున్నాను. ఇప్పుడు మాత్రం పొద్దున్న కళ్లు తెరవగానే చూసేది అందులోని చర్మ ఉష్ణోగ్రతే. ఒకరోజు +0.9 అని చూపించింది. 98.6కి దాన్ని కలుపుకుని 99.5 ఉందేమో, జ్వరం మొదలైందేమో అని భయపడ్డాను. థర్మామీటర్ పెడితే 98.1. పోయిన నెల నిజంగానే జ్వరం వచ్చింది. సాయంత్రం నుంచి వణుకు, రెండు దుప్పట్లు కప్పుకున్నా చలి ఆగలేదు. రాత్రి 101 ఉంటే మాత్ర వేసుకుని పడుకున్నాను. తెల్లారి బ్యాండ్ చూస్తే -0.1! ఇంకో సంగతి, నెలలో దాదాపు రెండు వారాలు అంకెలన్నీ ప్లస్‌లోనే ఉంటున్నాయి, తర్వాత వాటంతట అవే దిగిపోతున్నాయి. ఇదేమైనా జబ్బా? మేం బిడ్డ కోసం ప్రయత్నిస్తున్నాం. దీన్ని చూసి సరైన రోజులు తెలుసుకోవచ్చా? మా మామయ్యగారికి 74 ఏళ్లు. ఆయనకీ ఒకటి కొంటే జ్వరం ముందే తెలిసిపోతుందని మా ఆయన అంటున్నారు. అసలు నా బ్యాండ్ పాడైందా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: మీ బ్యాండ్ పాడైనట్టు నాకు అనిపించడం లేదండి. మీరు రాసినవన్నీ చదివితే అది తన పని తాను సరిగ్గానే చేస్తోందనిపిస్తోంది. ఆ రెండు వారాల ప్లస్ కూడా జబ్బు లక్షణంలా లేదు. దాని గురించి కాస్త ఆగి వివరంగా చెబుతాను. ముందు ఆ 98.6కి 0.9 కలపడం గురించి మాట్లాడుకుందాం, ఎందుకంటే మీ భయమంతా అక్కడే మొదలైంది.

థర్మామీటర్‌ను నోట్లోనో చంకలోనో పెట్టి చూసేది ఒంటి లోపలి వేడి. గుండె, కాలేయం, మెదడు ఉన్న చోటి వేడిని శరీరం చాలా పట్టుదలగా ఒకే స్థాయిలో నిలుపుకుంటుంది. మణికట్టు మీది చర్మానికి ఆ పట్టుదల లేదు. లోపలి వేడిని నిలకడగా ఉంచడానికే అది మారుతూ ఉంటుంది. ఒంట్లో వేడి ఎక్కువైతే చర్మం కింది రక్తనాళాలు విచ్చుకుంటాయి, వెచ్చని రక్తం పైకి వస్తుంది, వేడి బయటికి పోతుంది. వేడిని దాచుకోవాల్సి వస్తే అవే నాళాలు ముడుచుకుంటాయి, చర్మం చల్లబడుతుంది. ఇంటికి కిటికీ ఎలాగో ఒంటికి చర్మం అలాగ. మణికట్టు దగ్గర చర్మం మామూలుగా 31 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ మధ్య తిరుగుతూ ఉంటుంది, చుట్టూ ఉన్న గాలిని బట్టి ఇంకా కూడా మారుతుంది. అంటే లోపలి వేడి కంటే అది దాదాపు ఎప్పుడూ తక్కువే.

అందుకే చాలా బ్యాండ్లు అసలు అంకెను ముందు పెట్టవు. కొన్ని రాత్రులు చూసి మీకు మామూలుగా ఎంత ఉంటుందో ఒక లెక్క కట్టుకుంటాయి, ఆ తర్వాత ప్రతి రాత్రీ దానికి ఎంత ఎక్కువో ఎంత తక్కువో చూపిస్తాయి. ఉదాహరణకు యాపిల్ 2022లో సిరీస్ 8 వాచీతో తెచ్చిన పద్ధతిలో రెండు సెన్సార్లు ఉంటాయి. ఒకటి చర్మం వైపు, ఇంకోటి పైన తెర కింద. బయటి గాలి ప్రభావాన్ని కొంత తీసేయడానికే ఆ రెండోది. నిద్రలో ఐదేసి సెకన్లకు ఒకసారి కొలుస్తుంది, సుమారు ఐదు రాత్రులయ్యాకే తేడాలు చూపించడం మొదలుపెడుతుంది. మిగతా కంపెనీల వాచీల్లో, ఉంగరాల్లో వివరాలు వేరు కావచ్చు గానీ దారి దాదాపు ఇదే. కాబట్టి మీ +0.9కి అర్థం ‘మామూలు రాత్రుల కంటే నిన్న రాత్రి మణికట్టు దగ్గర చర్మం 0.9 డిగ్రీలు వెచ్చగా ఉంది’ అని మాత్రమే. 98.6కి అది కలిసే అంకె కాదు.

పైగా యూనిట్ల తకరారు ఒకటి ఉంది. యాప్ సెల్సియస్‌లో చూపిస్తూ ఉండొచ్చు, మీ థర్మామీటర్ ఫారన్‌హీట్‌లో ఉంది. సెల్సియస్‌లో 0.9 తేడా అంటే ఫారన్‌హీట్‌లో 1.6. సెట్టింగుల్లోకి వెళ్లి రెండూ ఒకటే ఉండేలా మార్చుకోండి, సగం గందరగోళం పోతుంది.

98.6 గురించి కూడా ఒక మాట. ఈ అంకె 1868లో కార్ల్ వుండర్‌లిష్ అనే జర్మన్ వైద్యుడు ప్రకటించిన 37 డిగ్రీల సెల్సియస్ నుంచి వచ్చింది. సుమారు 25,000 మంది రోగుల చంకలో థర్మామీటర్ పెట్టి చూసి చెప్పిన సగటు అది. సగటే గానీ ప్రతి మనిషికీ ఉండి తీరాల్సిన అంకె కాదు. ఈ కాలపు మనుషుల్లో సగటు దానికంటే కొంచెం తక్కువే ఉంటోందని తర్వాతి పరిశోధనల్లో తేలింది. ఒకే మనిషిలో కూడా తెల్లవారుజామున తక్కువగా, సాయంత్రానికి ఎక్కువగా ఉంటుంది. మీకు 98.1 వచ్చిందంటే అది పూర్తిగా మామూలే.

మరి ఆ రాత్రి 0.9 ఎందుకు పెరిగింది? కారణాలు చాలా ఉండొచ్చు, వాటిలో ఎక్కువ భాగం భయపడాల్సినవి కావు. చేయి దుప్పటి లోపల ఉందా, బయట ఉందా అన్న ఒక్కదానితోనే అంకె మారిపోతుంది. నేను రెండేళ్లుగా రాత్రిళ్లు ఇలాంటిది పెట్టుకునే పడుకుంటున్నాను. చేయి తలగడ కిందికి పోయిన రాత్రుల్లో తెల్లారి అంకె ఎప్పుడూ పైనే ఉంటుంది. గది వేడిగా ఉండటం, రాత్రి పొద్దుపోయాక వ్యాయామం చేయడం, పడుకునే ముందు కడుపు నిండా తినడం, మద్యం, వేడినీళ్ల స్నానం, నిద్ర సరిపోకపోవడం, వ్యాక్సిన్ వేయించుకోవడం, వేరే టైమ్ జోన్‌కి ప్రయాణం చేయడం, ఇవన్నీ అంకెను కదిలిస్తాయి. పక్కన పిల్లలో భర్తో ఆనుకుని పడుకున్నా అంతే. అప్పుడే చార్జింగ్ నుంచి తీసిన బ్యాండ్ కూడా కాసేపు వెచ్చగా ఉంటుంది. అందుకే చార్జింగ్ సాయంత్రమే ముగించుకుని, పడుకునే ముందు కొంతసేపు చేతికి ఉండనివ్వడం మంచిది.

ఇక జ్వరం వచ్చిన రాత్రి మైనస్ ఎందుకు చూపించిందన్నది. మీ ఉత్తరంలో నన్ను బాగా ఆలోచింపజేసింది ఇదే, ఎందుకంటే ఈ బ్యాండ్ల గురించి చాలామంది అపోహ పడేది సరిగ్గా ఇక్కడే. ఒంట్లో వేడి పెరిగితే చర్మం కూడా వేడెక్కాలి కదా అనుకుంటాం. కానీ జ్వరం ఎక్కుతున్నప్పుడు జరిగేది దానికి తలకిందులు.

మెదడులో హైపోథాలమస్ అనే భాగం ఒంటి వేడి ఎంత ఉండాలో నిర్ణయిస్తుంది. ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు అది ఆ స్థాయిని పెంచుతుంది. అప్పటిదాకా 98 చాలనుకున్న శరీరం ఇప్పుడు 101 కావాలంటుంది. కొత్త లెక్క ప్రకారం ఒంట్లో వేడి చాలట్లేదు కాబట్టి వేడిని దాచుకోవడం మొదలవుతుంది. చేతుల్లో, కాళ్లలో రక్తనాళాలు ముడుచుకుంటాయి. కండరాలు వణికి వేడి పుట్టిస్తాయి. మీకు రెండు దుప్పట్లు కప్పుకున్నా చలి ఆగకపోవడం అందుకే. ‘కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి, జ్వరం వచ్చేలా ఉంది’ అని ఇంట్లో పెద్దవాళ్లు అనే మాట ఎంత సరైన గమనికో చూడండి. నుదురు కాలిపోతూ ఉంటుంది, అరచేతులు చల్లగా ఉంటాయి. బ్యాండ్ ఉన్నది ఆ చల్లబడిన చేతికి.

తర్వాత మీరు మాత్ర వేసుకున్నారు. అది పనిచేసేసరికి హైపోథాలమస్ ఆ స్థాయిని మళ్లీ కిందికి దించుతుంది, దాచుకున్న వేడిని ఇప్పుడు వదిలేయాలి. నాళాలు విచ్చుకుంటాయి, చెమట పడుతుంది. చర్మం వెచ్చబడుతుంది, మరోపక్క చెమట ఆరుతూ దాన్ని చల్లబరుస్తుంది. రాత్రంతా ఇలా పైకీ కిందికీ ఊగిన అంకెలను బ్యాండ్ కలిపేసి ఒక్క సగటుగా మీ ముందు పెట్టింది. ఆ -0.1 అలా వచ్చి ఉండొచ్చు. మీ యాప్‌లో ఆ రాత్రి గంటగంటకూ గీత కనిపించే సౌకర్యం ఉంటే తెరిచి చూడండి. సగటు నిశ్చలంగా ఉన్నా లోపల గీత పెద్ద అలలా ఉండే అవకాశం ఉంది. అదే రాత్రి గుండె వేగం కూడా చూడండి. ఒంటి వేడి 1 డిగ్రీ సెల్సియస్ పెరిగితే గుండె నిమిషానికి సుమారు 10 సార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. ఉష్ణోగ్రత దాచిపెట్టిన జ్వరాన్ని చాలాసార్లు గుండె వేగం బయటపెడుతుంది. నన్నడిగితే, ఒక్క ఉష్ణోగ్రతను చూసి తీర్మానం చేయడం కంటే ఉష్ణోగ్రత, విశ్రాంతిలో గుండె వేగం, శ్వాస వేగం మూడూ ఒకేసారి మామూలు నుంచి పక్కకు జరిగాయా అని చూడటం ఎంతో మేలు.

కాబట్టి జ్వరం ఉందా లేదా అన్న ప్రశ్నకు థర్మామీటరే చెప్పాలి. 100.4, అంటే 38 డిగ్రీల సెల్సియస్ దాటితే జ్వరం. బ్యాండ్‌లో ప్లస్ కనిపించి ఒంట్లో నలతగా ఉంటే థర్మామీటర్ పెట్టుకోండి. నలతగా ఉండి బ్యాండ్‌లో మైనస్ కనిపించినా పెట్టుకోండి. బ్యాండ్ మామూలుగా ఉందని ఒంటి మాటను కొట్టిపారేయకండి.

ఇప్పుడు ఆ రెండు వారాల సంగతి. నాలుగు నెలల గ్రాఫ్‌ను మీ నెలసరి తేదీల పక్కన పెట్టి చూడండి. నెలసరి మొదలైనప్పటి నుంచి కొన్ని రోజులు కిందగా, మధ్యలో ఒకచోట మెట్టెక్కినట్టు పైకి, మళ్లీ నెలసరి వచ్చే ముందో వచ్చిన రోజో కిందికి. ఇలాగే ఉందా? ఉంటే అది జబ్బు కాదు. అండం విడుదలైన తర్వాత అండాశయంలో ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారవుతుంది, అది ఒంటి వేడిని కొద్దిగా పెంచుతుంది. సాధారణంగా 0.3 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ వరకు. గర్భం రాకపోతే ఆ హార్మోన్ తగ్గిపోతుంది, వేడి దిగుతుంది, నెలసరి వస్తుంది. మీరు జబ్బేమో అని భయపడిన ఆ ప్లస్ రోజులు, బహుశా మీ శరీరంలో అండం సక్రమంగా విడుదలవుతోందని చెబుతున్నాయి. బిడ్డ కోసం చూస్తున్న మీకు ఇది మంచి కబురేనని నా నమ్మకం.

సరైన రోజులు తెలుసుకోవచ్చా అన్నారు. ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినండి. వేడి పెరిగేది అండం విడుదలయ్యాక. గర్భం నిలిచే అవకాశం ఎక్కువగా ఉండేది అంతకు ముందున్న ఐదు రోజులు, విడుదలైన రోజు. పురుష బీజకణాలు స్త్రీ శరీరంలో ఐదు రోజుల దాకా ఉండగలవు, అండం మాత్రం ఒక్క రోజుకు మించి నిలవదు. అంటే బ్యాండ్‌లో అంకె పైకి లేచిందని చూసి ‘ఈరోజే’ అనుకుంటే అప్పటికే ఆలస్యమైపోయి ఉంటుంది. చాలామంది దంపతులు సరిగ్గా ఈ పొరపాటే చేసి, నెల తర్వాత నెల నిరాశపడతారు. మీరు అలా చేయొద్దు.

దాన్ని వాడుకునే తీరు వేరు. మూడు నాలుగు నెలల గ్రాఫ్‌లో, నెలసరి మొదలైన రోజును ఒకటిగా లెక్కపెడితే ఆ మెట్టు ఎన్నో రోజున వస్తోందో రాసుకోండి. 16వ రోజు, 15వ రోజు, 17వ రోజు అలా వస్తోందనుకోండి, వచ్చే నెలలో 10వ రోజు నుంచే రోజు విడిచి రోజు ప్రయత్నించడం మొదలుపెట్టొచ్చు. ముందే తెలియాలంటే మందుల షాపుల్లో దొరికే ఎల్‌హెచ్ స్ట్రిప్‌లు ఇంకా ఉపయోగం. మూత్రంలో ఎల్‌హెచ్ హార్మోన్ ఒక్కసారిగా పెరగడాన్ని అవి పట్టుకుంటాయి. అండం విడుదల సుమారు 24 నుంచి 36 గంటల్లో ఉందని దానర్థం. తెల్లబట్ట పలచగా, జారుడుగా, గుడ్డు తెల్లసొనలా సాగుతూ ఉండే రోజులు కూడా అవే. స్ట్రిప్ ముందు చెబుతుంది, నిజంగా అండం విడుదలైందని బ్యాండ్ తర్వాత ధ్రువపరుస్తుంది. రెండూ కలిపి వాడితేనే అందం. వేడి పెరిగి 18 రోజులు దాటినా దిగకుండా, నెలసరి కూడా రాకపోతే గర్భ పరీక్ష చేసుకోండి.

గ్రాఫ్‌లో ఏ మెట్టూ కనిపించకపోతే మాత్రం వెంటనే కంగారుపడకండి. నిద్ర వేళలు రోజుకో రకంగా ఉన్నా, బ్యాండ్ వదులుగా ఉన్నా ఆ చిన్న తేడా మాసిపోతుంది. హార్మోన్ మాత్రలు వాడేవాళ్లలోనూ కనిపించదు. నెలసరి సక్రమంగా రాకుండా, నాలుగైదు నెలలుగా మెట్టు కూడా లేకపోతే ఆ గ్రాఫ్ పట్టుకుని గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లండి. నెలసరి బాగానే ఉన్నా, ఏడాది ప్రయత్నించి ఫలితం లేకపోతే వెళ్లాలి. 35 దాటిన వాళ్లయితే ఆరు నెలలకే వెళ్లడం మంచిది.

ఇదే అంకెను చూసి గర్భం రాకుండా జాగ్రత్తపడొచ్చని ఎవరైనా చెబితే, మామూలు బ్యాండ్ గ్రాఫ్‌తో ఆ పని చేయకండి. ఉష్ణోగ్రత ఆధారంగా పనిచేసే నాచురల్ సైకిల్స్ అనే యాప్‌కు 2018లో అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ గర్భనిరోధక సాధనంగా అనుమతి ఇచ్చిన మాట నిజం. కానీ అది ఆ పనికే పరీక్షించిన యాప్. దానితో కూడా మామూలు వాడకంలో ఏడాదికి 100 మందిలో సుమారు ఏడుగురికి గర్భం వస్తుంది.

మీ టెన్షన్ గురించి. దీన్ని నేను చిన్న విషయంగా చూడటం లేదు. పొద్దున్న లేవగానే ఒక అంకె చూసి, అది రోజంతా మనసులో తిరుగుతూ ఉంటే ఆ వస్తువు మీకు మేలు చేయడం లేదన్నమాట. ఒక పని చేయండి. ఉష్ణోగ్రతకు సంబంధించిన నోటిఫికేషన్ ఆపేయండి. బ్యాండ్ తీసేయక్కర్లేదు, రాత్రిళ్లు దాని పని అది చేసుకోనివ్వండి. వారానికి ఒక్కరోజు, ఆదివారమో మరోరోజో, గ్రాఫ్ మొత్తం ఒకేసారి చూడండి. ఏ రాత్రయినా తేడా కనిపిస్తే పక్కన కారణం రెండు ముక్కల్లో రాసి పెట్టుకోండి: ‘ఆలస్యంగా తిన్నాను’, ‘గది ఉక్కగా ఉంది’. రెండు నెలలు ఇలా రాస్తే మీ ఒంటి తీరు మీకే అర్థమవుతుంది. అప్పుడు ఒక్క రాత్రి +0.9 మిమ్మల్ని కదిలించదు. ప్రతిసారీ అదే చేతికి, స్ట్రాప్ చర్మాన్ని ఆనుకునేలా, కానీ గుర్తులు పడేంత బిగుతుగా కాకుండా పెట్టుకోండి. బ్యాండ్ మార్చితే పాత అంకెలతో పోల్చకండి, కొత్తది మళ్లీ మొదటి నుంచి లెక్క కట్టుకోవాలి.

డాక్టరును కలవాల్సింది ఎప్పుడంటే, నెలసరితో సంబంధం లేకుండా, పైన చెప్పిన కారణాలేవీ లేకుండా రెండు మూడు వారాలు వరుసగా అంకె పైనే ఉండి, దానితోపాటు బరువు తగ్గడం, రాత్రి బట్టలు తడిసేంత చెమట, గుండె దడ, ఎడతెగని నీరసం లాంటివి ఉన్నప్పుడు. అక్కడ మీ గ్రాఫ్ రోగనిర్ధారణ చేయదు గానీ, ఇది ఎప్పటి నుంచి మొదలైందన్న డాక్టరు ప్రశ్నకు సరైన తేదీ చెప్పగలుగుతుంది.

చివరిగా మీ మామయ్యగారి విషయం. మీ ఆయన ప్రేమతోనే అంటున్నారు, కానీ జ్వరాన్ని ముందే పట్టుకోవడం కోసమే అయితే నేను వద్దంటాను. ఆ వయసులో ఒంటి వేడి సహజంగానే కొంచెం తక్కువగా ఉంటుంది. గట్టి ఇన్‌ఫెక్షన్ వచ్చినా కొందరిలో 100.4 దాటకపోవచ్చు. చేతుల్లో రక్తప్రసరణ తగ్గి చర్మం చల్లగా ఉండటమూ మామూలే. అలాంటప్పుడు బ్యాండ్ ‘అంతా బాగుంది’ అన్నట్టు చూపిస్తే మీరందరూ నిశ్చింతగా ఉండిపోతారు. నాకు భయం వేసేది దానికే. వారం రోజులు పొద్దున, సాయంత్రం ఒకే వేళకు థర్మామీటర్‌తో ఆయన వేడి చూసి ఒక కాగితం మీద రాయండి. ఆయనకు మామూలుగా 97.2 ఉంటుందని తేలిందనుకోండి, ఒకరోజు 99.4 చూపిస్తే అది ఆయనకు చిన్న పెరుగుదల కాదు. అంకెతో పనిలేకుండా, ఉన్నట్టుండి మాట తడబడటం, మనుషులను గుర్తుపట్టడంలో తికమక, అన్నం మానేయడం, మంచం దిగలేకపోవడం, ఆయాసం కనిపిస్తే థర్మామీటర్‌లో ఎంత ఉన్నా సరే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. రాసిన ఆ కాగితం కూడా వెంట పెట్టుకోండి.